మనవారి విదేశయానము: పాలూరు రేవు నుండి డబ్లిను నగరము వరకు

బరంపురము తెలుగువారు ఇల్లు కదలనివారను అపప్రథ యొకటి కలదు. ఉద్యోగమున్న ఊరు, పొలమున్న పల్లె, పెండ్లి పేరంటములకు పర్లాకిమిడియో శ్రీకాకుళమో విజయనగరమో, ముసలితనమున కాశీ, అంతటితో మనవారి భూగోళము ముగియునని ఇతరులు పరిహసింతురు. మనలోను పెక్కురు దానిని నిజమని నమ్మియున్నారు. ఈ సంచికకు విదేశయానమును గూర్చి వ్రాయవలెనని తలచినప్పుడు మేమును మొదట సంశయించితిమి. కాని గంజాము చరిత్రను కొంచెము తిరుగవేసి చూడగా సంగతి తలక్రిందులుగా కనబడినది. పోవుటలో మనవారు ఎన్నడును వెనుకబడలేదు. పోయివచ్చిన సంగతిని వ్రాసి యుంచుకొనుటలో మాత్రము మిక్కిలి వెనుకబడిరి.

క్రీస్తుశకము రెండవ శతాబ్దమున అలెగ్జాండ్రియా నగరమున నివసించిన టాలమీ యను భూగోళశాస్త్రజ్ఞుడు మన తూర్పుతీరమును వర్ణించుచు 'పలౌర' యను స్థలమును పేర్కొనెను. సువర్ణభూమికి పోవు నావలు దానికి సమీపముననే తీరమును విడిచి నడిసముద్రమున బడునని అతడు వ్రాసెను. ఈ పలౌర చిలికా సరస్సు దక్షిణపు కొసను, గంజాము పట్టణమునకు చేరువగా నున్న పాలూరే యని పండితులు పెక్కురు నిర్ణయించిరి. తీరము వెంబడి ఊరూరు చూచుకొనుచు పోవుట యొక పని. తీరము కనుమరుగగునట్లు ఓడను మరల్చుట వేరొక పని. రెండవదానికి గాలుల లెక్క తెలియవలెను. మంచినీరెన్ని దినములకు చాలునో తెలియవలెను. తిరిగి తెచ్చు గాలి ఏ మాసమున వీచునో, అంతవరకు పరదేశమున ఏమి తిని, ఎచట తల దాచుకొనవలెనో ముందే తేల్చుకొనవలెను. కార్తిక పూర్ణిమనాడు ఒరియా సోదరులు అరటిదొప్పల పడవలలో దీపముంచి నీట విడుచు బొయితవందనము ఆ లెక్కకు మిగిలిన ఆనవాలు. మలయా దేశమున దక్షిణ భారతీయులను 'కెలింగు'లని పిలిచెడివారు. ఆ పిలుపు మన కళింగనామమే.

శాస్త్రము అడ్డు చెప్పలేదా యని అడుగవచ్చును. చెప్పినది. బౌధాయన ధర్మసూత్రము సముద్రయానమును పతనహేతువులలో చేర్చెను. విశేషమేమనగా, ఆ గ్రంథమే కళింగదేశమునకు పోయినవాడు పాదములతో పాపము చేసినవాడగుననియు, దానికి ప్రాయశ్చిత్తముగా వైశ్వానరేష్టి జరుపవలెననియు విధించినది. ఈ లెక్కను ఋషికుల్యా వంశధారల నడుమ పుట్టి పెరిగిన మనమందరము పుట్టిన దినము మొదలు ప్రాయశ్చిత్తార్హులమే! అట్టివారికి సముద్రము దాటినందువలన క్రొత్తగా వచ్చు దోషమేమున్నదని మన పెద్దలలో నొకరైనను వాదించి యుండినచో ఎంత బాగుండెడిదో! ఆ వాదము చేయవలసిన పండితులు ఇంటనే యుండిరి. శాస్త్రము తెలియని కష్టజీవులు మూట కట్టుకొని ఓడ నెక్కిరి.

ఆ కష్టజీవుల కథయే రంగము కథ. ఈ మాట వినని తెలుగు కుటుంబము మన ప్రాంతమున అరుదు. రంగమనగా రంగూను. 1852లో జరిగిన రెండవ బర్మా యుద్ధముతో దిగువ బర్మా ఆంగ్లేయుల వశమయ్యెను. ఐరావతీ నదీముఖమున అడవులు కొట్టి వరిపొలములు చేసిరి. పంట కోయుటకును, మిల్లులలో బియ్యము పట్టుటకును, రేవులో బస్తాలు మోయుటకును మనుష్యులు కావలసివచ్చిరి. కాకినాడ, విశాఖపట్నము, భీమునిపట్నము, కళింగపట్నము, బారువ, గోపాలపురము రేవులనుండి పొగయోడలు ఏటేట వేలకొలది జనమును తీసికొనిపోయినవి. గోపాలపురమున ఓడ ఒడ్డునకు రాజాలదు. దూరమున లంగరు వేసి నిలిచెడిది. పలకలను త్రాళ్లతో కుట్టిన మసూలా పడవలలో జనము అలలను దాటి దానిని చేరవలెను. ఆ అలలను చూచినవారికి ఇందలి కష్టము వేరుగా చెప్పనక్కరలేదు. ఇప్పుడు మనము ఆదివారము సాయంకాలము పిల్లలతో గోపాలపురము పోయి, బఠానీలు కొని, తడి యిసుకలో నిలిచి చూచు సముద్రమదియే.

ఈ ప్రయాణికులలో రెండు తెగలవా రుండిరి. ఈ భేదము మా వ్యాసమునకు ముఖ్యము. మొదటి తెగ మేస్త్రీ క్రింద పోయినవారు. మేస్త్రీ పల్లెకు వచ్చి బయానా ఇచ్చును. ఓడకూలి తానే కట్టును. రంగూనులో ఏ మిల్లున, ఏ బారకున, ఎంత కూలికి నన్నది అతడే తేల్చును. జీతము మొదట అతని చేతికి వచ్చి, అప్పును వడ్డీని అతని వాటాను కోసికొనగా మిగిలినది కూలివానికి చేరును. అప్పు తీరువరకు మనిషి తనవాడు కాడు. రెండవ తెగ తమ ఖర్చులకు తామే కూర్చుకొని పోయినవారు. ముందుగా పోయిన బావమరిదియో పినతండ్రి కొడుకో వ్రాయించిన ఉత్తరము చేతనుంచుకొని, ఇంటిలో నున్న కొద్దిపాటి బంగారమును కుదువబెట్టి, తమ టిక్కెట్టు తాము కొని బయలుదేరినవారు. ఒకసారి మేస్త్రీ క్రింద పోయి, అప్పు తీర్చి, త్రోవ తెలిసికొని, రెండవసారి స్వయముగా పోయినవారును వీరిలో కలరు.

ఓడ యొకటియే. డెక్కు ఒకటియే. బంగాళాఖాతపు తలత్రిప్పు ఇరువురికిని సమానమే. అయినను దిగిన తరువాత త్రోవలు వేరగును. స్వయముగా పోయినవాడు మిల్లులు తిరుగు కాలము చూచి పోవును. కూలి తక్కువైనచోట నిలువడు. ఒక మిల్లు కాకున్న వేరొక మిల్లు, అదియు కాకున్న చిన్న దుకాణము. ఇంటికి ఎప్పుడు రావలెనో తానే నిశ్చయించుకొనును. మన ఇండ్లలో పెద్దలు రంగము ధనముతో కొన్న పొలమనియు, కట్టిన ఇల్లనియు చెప్పు కథలను మేము శ్రద్ధగా వినుచుందుము. అప్పుతో పోయి అప్పుతో వచ్చినవాని కథ ఇంటివారు చెప్పరు గనుక, వినబడునవి తరచుగా ఈ రెండవ తెగవారివే యని మా ఊహ.

అయితే స్వతంత్రముగా పోవుటవలన అంతయు శుభమే కలుగునని చెప్పుట అసత్యము. 1930 మే నెలలో రంగూను రేవున తెలుగు కూలీలు ఎక్కువ కూలి కోరి సమ్మె చేయగా, యజమానులు బర్మా కూలీలను పనిలోనికి దించిరి. తరువాత తెలుగువారితో రాజీపడి బర్మావారిని వెళ్లగొట్టిరి. ఆ మంట నగరమంతయు ప్రాకి నూరుమందికి పైగా చనిపోయిరి. చచ్చినవారిలో ఎక్కువమంది తెలుగువారు. మేస్త్రీతో పోయినవాడెవడో, తనంత పోయినవాడెవడో ఆ కత్తులు విచారింపలేదు. 1941 డిసెంబరు 23న జపాను విమానములు రంగూనుపై బాంబులు కురిపించిన తరువాత లక్షలమంది భారతీయులు అరకాను కొండలమీదుగను, మణిపురము అస్సాము త్రోవలను నడచి వచ్చిరి. దారిలో రాలిపోయినవారి సంఖ్య ఎవరును సరిగా లెక్కింపలేదు.

ఇచ్చట ఒక చిత్రమును గమనింపవలెను. బరంపురము 1936 ఏప్రిల్ 1న మద్రాసు రాజధాని నుండి విడివడి క్రొత్తగా నేర్పడిన ఒరిస్సా రాష్ట్రమున చేరెను. సరిగా ఒక యేడు గడచి 1937 ఏప్రిల్ 1న బర్మా భారతదేశమునుండి విడిపోయెను. అంతకు ముందు మనవాడు రంగము పోవుట చట్టము దృష్టిలో ఒక రాష్ట్రమునుండి వేరొక రాష్ట్రమునకు పోవుటయే. పండ్రెండు నెలలలో అతని ఇంటికొక క్రొత్త సరిహద్దు, అతని పనిచోటికొక క్రొత్త సరిహద్దు ఏర్పడినవి. తాను నిలుచున్నచోటనే యుండి రెండు దిక్కుల పరదేశివాడైనవాని మనఃస్థితి ఇతర జిల్లాల తెలుగువారికంటె మనకే బాగుగ తెలియును.

ముందాలోచనతో చేయు యాత్రకు తెలుగున ఆదర్శమేదని అడిగినచో ఏనుగుల వీరాస్వామయ్యగారి పేరు చెప్పక తప్పదు. ఆయన చెన్నపట్టణపు సుప్రీముకోర్టున దుబాసీ. 1830 మే 18న బయలుదేరి, దాదాపు నూరుమంది పరివారముతో హైదరాబాదు, నాగపూరుల మీదుగా కాశికి పోయి, జగన్నాథమును సేవించి, మన గంజాము సీమగుండా దక్షిణమునకు వచ్చి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరెను. రైలు లేని కాలమది. ఆ త్రోవలో అరడజను భాషలు, అంతకు మించిన నాణెములు. ఇంగ్లీషు కుంపిణీ పాలన కొంతదూరము, నైజాము పాలన కొంతదూరము, భోంసలే పాలన కొంతదూరము. ఆనాటివానికి అది విదేశయానమే. ఏ ఊర నీరు మంచిదో, ఎచట సామాను దొరకునో, ఎచట మారకమెట్లో వ్రాసికొనుచు ఆయన మిత్రుడైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ల గారికి పంపెను. 1838లో పిళ్లగారు దానిని కాశీయాత్ర చరిత్రగా అచ్చువేయించిరి. అప్పటికి యాత్రికుడు కీర్తిశేషుడు. కాశికి పోయివచ్చిన పుణ్యము ఆయనతో పోయినది. వ్రాసిన కాగితము మనకు మిగిలినది. 1815 నాటి విషజ్వరమున పాడుపడిన గంజాము పట్టణమును దాటి పోయిన ఆ బోయీల పల్లకీలను తలచుకొన్నప్పుడెల్ల, ఇంతటి త్రోవను ఒక గృహస్థు తన బుద్ధితోను తన ధనముతోను ఏర్పరచుకొనెను గదా యని మాకు ఆశ్చర్యము కలుగును.

ఇక మన ఊరివాని కథకు వత్తము. దీనికొరకే మేమింతదూరము వచ్చితిమి.

వరాహగిరి వెంకటగిరి గారు 1894 ఆగస్టు 10న బరంపురమున జన్మించిరి. తండ్రి జోగయ్య పంతులుగారు ఈ ఊర పేరెన్నికగన్న న్యాయవాది. తల్లి సుభద్రమ్మగారు తరువాతి కాలమున స్వరాజ్యోద్యమమున పాల్గొన్న ధీరురాలు. గిరిగారు కళ్లికోట కళాశాలలో చదివిరి. 1913లో, పందొమ్మిదేండ్లు నిండీ నిండని వయస్సున, న్యాయవాదపరీక్షకై సముద్రము దాటిరి. ఆ దినములలో ఇంగ్లండు పోయి బారిష్టరగుట కలవారి బిడ్డలకు పరిపాటియే. ఆ పరిపాటి త్రోవ లండనుకు పోవును. గిరిగారు ఆ త్రోవను విడిచి డబ్లినుకు పోయిరి.

ఈ యెన్నికలోనే ముందాలోచన కనబడుచున్నది. 1909 జూలై 1న లండనులో మదన్‌లాల్ ధింగ్రా కర్జన్ వైలీని కాల్చి చంపిన తరువాత అచ్చటి భారతీయ విద్యార్థులపై ప్రభుత్వపు కన్ను పడెను. న్యాయవాదుల సంఘములలో ప్రవేశము కష్టమయ్యెను. సిఫారసులు, నడవడిని గూర్చిన పత్రములు, విచారణలు. డబ్లినులోని కింగ్స్ ఇన్స్ సంస్థ ఇచ్చు పట్టాయు బారిష్టరు పట్టాయే. లండనుపై విసిగిన విద్యార్థులకు అదొక తెరచిన తలుపు. బరంపురమున కూర్చుండి ఈ సంగతి తెలిసికొనుట నేటివలె సులభము కాదు. అప్పటికి పాసుపోర్టు తప్పనిసరి కాలేదు. భారతదేశపు పాసుపోర్టు చట్టము వచ్చినది 1920లో. కాబట్టి అడ్డులు తక్కువే. కాని అడ్డులతోపాటు త్రోవ చూపువారును తక్కువే. ఏ ఊరు పోవలెనో, ఎందుకు పోవలెనో ఎవరికివారు విచారించుకొనవలసిన కాలమది.

ఐర్లండు నాడు ఇంగ్లండు ఏలుబడిలోనిదే, మనవలెనే. గిరిగారు చేరిన సంవత్సరముననే డబ్లినులో గొప్ప కార్మిక పోరాటము జరిగెను. 1913 ఆగస్టులో మొదలై మరుసటి జనవరి వరకు ఇరువదివేల మందికి పైగా పనివారు యజమానుల చేత వెలుపలికి గెంటబడి ఆకలితో నిలిచిరి. వారి నాయకులు జేమ్సు లార్కిను, జేమ్సు కనోలీ. చట్టము చదువుకొన వచ్చిన బరంపురపు యువకునికి చట్టపు పుస్తకమున లేని పాఠము వీథిలో ఎదురయ్యెను. పటముపై ఊరి పేరు చూచి నిశ్చయించుకొన్నప్పుడు ఈ పాఠము ఆ ఊర నుండునని ఎవరికి తెలియును?

కింగ్స్ ఇన్స్ నియమము ననుసరించి డబ్లిను యూనివర్సిటీ కాలేజీలో ఒక యేడు చదువవలెను. 1914-15లో ఆ చదువు చదివిన మొదటి పదుమూడుగురు భారతీయ విద్యార్థులలో గిరిగారొకరు. 1914కును 1917కును నడుమ ఆ కాలేజీలో ఏబదిమంది భారతీయులు చదివిరి. గిరిగారు అంతటితో తృప్తి నొందక బి. ఏ. చదువులోను చేరిరి. ఇంగ్లీషు చెప్పిన ఉపాధ్యాయుడు థామస్ మెక్‌డోనా యను కవి. అర్థశాస్త్రము చెప్పినవాడు ఫాదర్ ఫిన్లే, ఐర్లండు రైతులలో సహకారోద్యమమును నెలకొల్పినవారిలో నొకడు. ఒక వైపు కవి, ఒక వైపు సహకారి. ఇంతకంటె మంచి గురువులను డబ్బు పోసి ఏర్పాటు చేసికొనుట సాధ్యము కాదు.

1914లో యుద్ధము రాగా గిరిగారు లండను పోయి గాంధీగారిని దర్శించిరి. దక్షిణాఫ్రికా నుండి అప్పుడే వచ్చిన గాంధీగారు గాయపడినవారికి సేవ చేయు రెడ్‌క్రాసు పనిలో చేరుమనిరి. గిరిగారు సరేయనిరి, తరువాత మనసు మార్చుకొనిరి. ఆంగ్లేయుల యుద్ధమున తన కేమి పని యను శంక. గాంధీగారు పెద్దమనసుతో ఆ మాటనుండి ఆయనను విడిపించిరి, ఇతరులతో చెప్పనైన చెప్పలేదు. ఇంటికి దూరమున, తండ్రి నీడ లేనిచోట, దేశమంతయు గౌరవించు పెద్దకు మాట యిచ్చి దానిని వెనుకకు తీసికొనుటకు ఎంత ధైర్యము కావలెనో చదువరులు ఊహింపుడు.

డబ్లినులోని భారతీయ విద్యార్థులు దక్షిణాఫ్రికాలో మనవారు పడు బాధలను గూర్చి ఒక చిన్న పుస్తకము అచ్చువేసిరి. అది రహస్యపోలీసుల చేతబడెను. అప్పటినుండి వారి వెంట నీడలు తిరుగసాగెను. ఇంతలో 1916 ఏప్రిల్ 24, ఈస్టరు సోమవారమున, డబ్లినులో తిరుగుబాటు రేగెను. ఆరు దినములు పోరాడి తిరుగుబాటుదారులు లొంగిపోయిరి. మే 3న పాట్రిక్ పియర్సును, ఇంగ్లీషు ఉపాధ్యాయుడైన మెక్‌డోనాను కాల్చి చంపిరి. మే 12న కనోలీని చంపిరి. గాయములచే నిలువజాలనందున కుర్చీలో కూర్చుండబెట్టి కాల్చిరని లోకప్రసిద్ధము. గిరిగారి గురువు ఒక నెల పాఠము చెప్పుచుండెను, మరునెల గోడముందు నిలుచుండెను. భారతీయ విద్యార్థుల గదులను పోలీసులు సోదా చేసిరి. తిరుగుబాటు నాయకులతో గిరిగారికి సంబంధమున్నదని అనుమానించిరి. జూన్ 21న ఆయన ఐరిషు బారిష్టరుగా నమోదైరి. జూలై 1న, ఒక నెలలో దేశము విడిచిపొమ్మని తాఖీదు వచ్చెను. బి. ఏ. చదువు సగములో నిలిచిపోయెను.

లెక్క చూచినయెడల ఈ యాత్ర ఫలించినదా? పోయినది బారిష్టరు పట్టాకై, అది దొరకినది. అదనముగా ఆశించిన బి. ఏ. దొరకలేదు. తుదకు వెళ్లగొట్టబడి వచ్చెను. మన ఇండ్లలో నేడొక బిడ్డ ఇట్లు వచ్చినచో తల్లిదండ్రులు ఊరిలో తలయెత్తుకొని తిరుగలేరు. కాని పథకమున వ్రాసికొనని ఫలమే ఇచ్చట పెద్ద ఫలమయ్యెను. తిరిగివచ్చి గిరిగారు మద్రాసు హైకోర్టున నమోదై న్యాయవాదవృత్తి నారంభించిరి. 1920లో సహాయనిరాకరణోద్యమమున ఆ వృత్తిని, దేనికొరకు మూడేండ్లు సముద్రమున కవతల గడపిరో ఆ పట్టా నిచ్చిన వృత్తిని, విడిచిపెట్టిరి. 1922లో చెరసాల చూచిరి. పట్టా పోయినను డబ్లిను వీథి మిగిలెను. 1923లో అఖిలభారత రైల్వే కార్మికుల సమాఖ్యను స్థాపించినవారిలో ఆయన ముఖ్యులు. మన బరంపురము మీదుగా పోవు రైలుమార్గము నాడు బెంగాలు నాగపూరు రైల్వే కంపెనీది. ఆ కంపెనీ కార్మికుల సంఘమునకు ఆయన నాయకులై, పనినుండి తొలగింపబడినవారికై 1928లో శాంతియుతమైన సమ్మె నడపిరి. ఇంటి ముందు కూతవేసిపోవు రైలు బండిలో డబ్లిను పాఠము ప్రయోగింపబడినది!

1927లో ఆయన మరల సముద్రము దాటిరి. ఈసారి జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక మహాసభకు భారత కార్మికుల ప్రతినిధిగా. 1931లో రెండవ రౌండుటేబిలు సమావేశమునకు లండను పోయిరి. ఒకనాడు సోదాచేసి, తాఖీదిచ్చి పంపిన ప్రభుత్వమే ఇప్పుడు కుర్చీ వేసి కూర్చుండుమనెను. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత కేంద్రమున కార్మికమంత్రిగా నున్నప్పుడు, యజమానులును పనివారును ఎదురెదురుగా కూర్చుండి తామే తగవు తీర్చుకొనవలెను గాని మాటిమాటికి ప్రభుత్వపు న్యాయనిర్ణయమునకు చేయిచాపరాదని ఆయన పట్టుబట్టిరి. దానికే గిరిమార్గమని పేరు వచ్చెను. 1954లో బ్యాంకు ఉద్యోగుల తీర్పు విషయమున మంత్రిపదవిని వదలుకొనిరి. ఈ భావమునకు బీజము 1913 నాటి డబ్లినులో పడినదని మేము విశ్వసింతుము. అచ్చట యజమానులు మాటాడుటకే ఒప్పుకొనక తలుపులు మూసిరి. తలుపు మూసినప్పుడేమగునో చూచినవాడు తలుపు తెరచి యుంచవలెనని జీవితాంతము చెప్పుట సహజమే. 1969 నుండి 1974 వరకు ఆయన రాష్ట్రపతిగా నుండుటయు, 1975లో భారతరత్న పొందుటయు, 1980 జూన్‌లో కాలధర్మము నొందుటయు అందరెరిగినవే గనుక విస్తరింపము.

ఆయన కలవారి బిడ్డ, తండ్రి డబ్బు పంపగలడు, మనబోటివారికి ఆ కథ ఏల యని ఒకరు అడుగవచ్చును. మంచి ప్రశ్నయే. డబ్బు టిక్కెట్టును కొనును. లండనును కొనును, డబ్లినునైనను కొనును. రెంటిలో ఏది కొనవలెనో అది చెప్పదు. ఆ యేడు డబ్బుండి లండను పోయినవారెందరో కలరు. రంగము పోయిన వానికి డబ్బు లేదు, అయినను మేస్త్రీ బయానా తీసికొనుటయా, బావమరిది ఉత్తరమునకై ఇంకొక పంటకాలము వేచియుండుటయా యన్నది అతడును నిశ్చయించుకొనవలసి వచ్చెను. మా దృష్టిలో ఈ ఇరువురు ఒకే తెగవారు.

నేడు మన పిల్లలు అమెరికా, కెనడా, ఇంగ్లండు, గల్ఫు దేశములకు పోవుచున్నారు. పోవలెననియే మా అభిమతము. అయితే పేరు మారి మేస్త్రీ మరల వచ్చినాడు. ఏ దేశమో, ఏ కళాశాలయో, ఏ చదువో అన్నియు ఏజెంటు చెప్పును. కాగితములు అతడే నింపును. పిల్లవాడు సంతకము చేయును, తండ్రి పొలము తాకట్టు పెట్టును. మేమెరిగిన యొక కుటుంబమున కుఱ్ఱవాడు విమానము దిగిన తరువాతగాని తాను చేరిన కళాశాల ఏ ఊరనున్నదో పటమున చూచుకొనలేదు. గల్ఫుకు పనికై పోవువారి విషయమున 1983 నాటి వలసల చట్టము ఏజెంటు ప్రభుత్వమున నమోదైనవాడై యుండవలెనని విధించుచున్నది. ఆ నమోదు పత్రమును చూపుమని అడుగువారు మనలో ఎందరు? అడిగినచో ఏజెంటుకు కోపము వచ్చునని వెఱచువారే ఎక్కువ. పొలము మనది, బిడ్డ మనవాడు, వెఱపు మనకు!

దేశము చూచివచ్చుటకై పోవువారు సయితము ఇరువది దినములలో పది నగరములు బస్సుకిటికీనుండి చూచి వచ్చుచున్నారు. అందును సుఖము కలదు, కాదనము. కాని ఆరు మాసముల ముందే ఆ దేశపు చరిత్ర యొకటి చదివి, రైళ్ల వేళలు తామే చూచుకొని, ఒక్క ఊర పది దినములు నిలిచి, రొట్టెల దుకాణము వాని పేరు తెలిసికొని వచ్చినవారి ముఖమున నుండు వెలుగు వేరు. అట్టివారు తిరిగివచ్చి మన ఊరినికూడ క్రొత్తగా చూతురు. ఒకరు అట్లు వచ్చి, ఇన్నాళ్లు తాము రోజు దాటి పోవు గిరి రోడ్డునకు ఆ పేరెందుకు వచ్చినదని మమ్మడిగిరి. మేము చెప్పుచుండగా ఇరుగుపొరుగు పిల్లలును వచ్చి కూర్చుండిరి. వారిలో ఒరియా పిల్లలే ఎక్కువ. గిరిగారు తమవారని వారును, మావారని మనవారును కొంతసేపు వాదించుకొనిరి. మాకు ఆ వాదము ముచ్చటగానే తోచినది.

సిగ్గుపడవలసిన సంగతి యొకటి మిగిలినది. గిరిగారి డబ్లిను దినములను, ఆయనతోడి భారతీయ విద్యార్థుల కథను పోలీసు కాగితములు, కళాశాల పట్టీలు వెదకి 2016లో గ్రంథముగా వెలువరించినవాడు కానర్ మల్వా యను డబ్లిను చరిత్రకారుడు. ఆ పుస్తకము పేరు 'ఐరిష్ డేస్, ఇండియన్ మెమరీస్'. ఈస్టరు తిరుగుబాటు జరిగి నూరేండ్లయిన సందర్భమున వారు తమ ఊరికి వచ్చిన పరదేశి విద్యార్థులను సయితము మరువక వెదకిరి. బయలుదేరిన ఊరివారమైన మనము ఆ పని చేయలేదు. రంగము పోయినవారి విషయమున చేయుటకు సీమదొరలెవరును రారు. గోపాలపురపు ఓడ టిక్కెట్టు ముక్కయో, రంగూను నుండి వచ్చిన మనియార్డరు రసీదో, అచ్చట తీయించుకొన్న పటమో, 1942లో నడచివచ్చిన తాతగారు చెప్పగా ఎవరైన వ్రాసికొన్న నాలుగు పంక్తులో ఇంటి అటకమీద నున్నవారు దయచేసి చెదలకు విడువక సంఘమునకు తెచ్చి చూపుడు. నకలు తీసికొని అసలు మీకే ఇచ్చివేయుదుము. పేరు తెలియని పటములనుకూడ తెండు. గుర్తుపట్టగల ముసలివారు మన వీథులలో ఇంకను ఒకరిద్దరు కలరు.